గోడ మీద గాజుముక్క

జూన్ 2, సోమవారం

ఓనరు ఈరోజు గుమ్మం దగ్గర చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. మేం ఈ ఇంట్లో దిగిన ఇన్నేళ్ళలో ఎప్పుడూ విప్పలేదు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

అమ్మ ఎలా ఉందన్నాడు. నా కాలు ఎలా ఉందన్నాడు. మా ఆవిడ పనిచేసే కుట్టు కంపెనీలో ఓవర్‌టైమ్ సరిగ్గా ఇస్తున్నారా అని కూడా అడిగాడు. టీ ఇస్తే తాగి బాగుందన్నాడు. మా ఆవిడ టీ బాగుండదు, ఆ సంగతి ఆవిడే ఒప్పుకుంటుంది. కప్పు కింద పెట్టాక చెప్పాడు. మేస్త్రీ, ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నా, నెలాఖరుకి ఖాళీ చేసి పెట్టు అని. అద్దె బాకీ గురించి మాటెత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే నాకు ధైర్యంగా ఉండేది.

నేను రంగులేసేవాణ్ణి. పోయినేడాది పరంజా మీంచి పడ్డాను. అందరికీ మూడో అంతస్తు అని చెప్పుకుంటాను. డైరీకి అబద్ధం చెప్పి ఏం లాభం, మొదటి అంతస్తే. అయినా కాలు విరిగింది. మంచంలో ఉన్నన్నాళ్ళూ ఫైనాన్స్‌లో తెచ్చిన డబ్బే తిన్నాం. ఇప్పుడు ఎక్కువ ఎత్తులు ఎక్కలేను. గేట్లు, కిటికీలు, ఇలా నేలమీద కూర్చుని వేసే పనులు చేస్తున్నాను. వాటికొచ్చేది ఫైనాన్స్ వాడికే చాలదు, ఇంక అద్దెకెక్కడ.

నా బాధ అది కాదు. అమ్మకి చూపు పోయింది. ఈ ఇంటి గోడలు పట్టుకుని తిరుగుతుంది. ఏ మూల ఎక్కడ తిరగాలో, స్విచ్ ఎక్కడుందో ఆ చేతికి తెలుసు. బాత్రూమ్‌కి ఒక్కతే వెళ్తుంది. వానొస్తే కిటికీలు వేస్తుంది. నేను దాచిన సిగరెట్ పెట్టె కూడా పట్టేస్తుంది. ఈ ముక్క ఓనరుకి చెప్పాను. కొత్త ఇంట్లోనూ గోడలుంటాయిగా మేస్త్రీ అన్నాడు.

జూన్ 3, మంగళవారం

కొనేవాళ్ళట, మొగుడూ పెళ్ళాం దిగారు. మా ఆవిడ పొయ్యి దగ్గర కూర కలుపుతుంటే ఆ మహాతల్లి పక్కనే నిలబడి ఈ గట్టు తీసేయించాలి, ఇక్కడ ఫ్రిజ్ పెట్టాలి అంటోంది. మొగుడు మా మంచం మీద కూర్చుని ఒకసారి ఊగి చూశాడు. మంచం కూడా అమ్మకానికే అనుకున్నాడో ఏమో. అమ్మని చూసి, ఈవిడ కూడా ఇక్కడేనా అన్నాడు. లేదు సార్, ఇంటితోపాటే ఇచ్చేస్తాం అన్నాను. నవ్వలేదు. జోకు అర్థంకాని మనుషుల చేతిలో ఇల్లు పెట్టకూడదు.

మా ఆవిడ వంటింట్లోంచి నన్నొక చూపు చూసింది. ఏదో ఒకటి చెయ్యి అనా, ఏ పిచ్చిపనీ చెయ్యకు అనా? ఆవిడకి ఆ రెండిటికీ ఒకటే చూపు. నాకు కావాల్సినట్టు అర్థం చేసుకున్నాను.

జూన్ 4, బుధవారం

మా ఆవిడ పనికెళ్ళగానే మొదలుపెట్టాను. ముందుగదిలో, పైన మూల నుంచి కింద అమ్మ మంచం దాకా. పగులు.

పగులు వెయ్యడం తేలికేం కాదు. నల్లగీత గీస్తే నల్లగీతలాగే ఉంటుంది. ముందు స్క్రూడ్రైవరుతో సన్నగా గీరాలి, పైపొర మాత్రమే లేవాలి. లోపల బూడిదరంగు. ఒక అంచుకి నీడ. రెండో అంచుకి గోడకన్నా పిసరంత తెలుపు. కిటికీ వెలుతురు ఎటు పడుతుందో చూసుకుని వెయ్యాలి. నిజం పగులు తిన్నగా దిగదు. కొంచెం దిగి, ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు పక్కకి తిరుగుతుంది. అక్కడక్కడ పిల్లపగుళ్ళు పెడుతుంది. ఆఖర్న టీ డికాక్షన్‌తో చెమ్మ మరక. ఇన్నేళ్ళూ జనం నాచేత పగుళ్ళు పూడ్పించారు. పుట్టించడం ఇదే మొదలు. కూలికి కూడా ఎప్పుడూ ఇంత శ్రద్ధగా వెయ్యలేదు.

సాయంత్రం అమ్మ గోడ తడుముకుంటూ వచ్చి అక్కడ ఆగింది. వేలు గీత వెంట పైకీ కిందికీ పోయింది. ఒరేయ్, గోడెందుకు గీరావురా అంది. పగులమ్మా అన్నాను. పగులైతే వేలికి గాలి తగుల్తుంది, ఇది నీ వెధవపని అంది. మాకు పిల్లల్లేరు కాబట్టి ఇంటికి కావాల్సిన అల్లరంతా నేనొక్కణ్ణే చేస్తున్నానని అమ్మ లెక్క.

మా ఆవిడ వచ్చి, భుజం మీద బ్యాగు కూడా దించకుండా చూసింది. బాగుందనలేదు. ఎందుకు వేశావనీ అడగలేదు. తుడిచేటప్పుడు మాత్రం నేను లేనప్పుడు తుడుచుకో, థిన్నరు వాసన నాకు పడదు అంది, అంతే. ఆవిడ గొడవ చెయ్యకపోవడం నాకు అనుమానంగా ఉంది.

జూన్ 6, శుక్రవారం

మొగుడూ పెళ్ళాం టేపు పట్టుకుని మళ్ళీ వచ్చారు. పగులు కింద చిటికెడు ఇసుక రాల్చి ఉంచాను. అమ్మ నెత్తిన నా పాత హెల్మెట్ పెట్టాను. ఇదేంటని కొనే ఆవిడ అడిగింది. ఏం లేదమ్మా, పెద్దావిడ కదా, అన్నం తినేటప్పుడు మాత్రం పెడుతున్నాం, మిగతా టైమ్‌లో ఫర్వాలేదు అన్నాను. అమ్మ నాకన్నా ఘనురాలు. మొహం పైకెత్తి, ఇవాళ చప్పుడు కాస్త తగ్గిందిరా అంది.

టేపు మర్చిపోయి వెళ్ళారు. మంచి టేపు.

జూన్ 9, సోమవారం

పొద్దున్నే ఓనరు ఇంజనీరుని వెంటేసుకుని వచ్చాడు. మున్సిపల్ ఆఫీసు మనిషట. ఓనరు చెప్పులతోనే లోపలికొచ్చాడు, అది చూసి కాస్త కుదుటపడ్డాను.

ఇంజనీరు సన్నగా, పొడుగ్గా, మొహమంతా ముక్కే అన్నట్టు ఉన్నాడు. పగులు మీద వేలు పెట్టి చూశాడు. ఈ గదికి రంగులెవరేశారన్నాడు. నేనే అన్నాను. మంచి చెయ్యి అన్నాడు. అది మెచ్చుకోలా, కేసా? అడగడానికి భయమేసింది.

సంచిలోంచి బద్దలాంటి గాజుముక్క తీశాడు. పగులుకి అడ్డంగా, ఆ కొస ఇటు, ఈ కొస అటు, తెల్ల పుట్టీతో అంటించాడు. గాజు మీద నల్లరంగుతో తేదీ వేసి సంతకం పెట్టాడు. గోడ కదులుతోందంటే గాజు విరుగుతుంది, కదలకపోతే ఇలాగే ఉంటుంది, ఇరవై మూడో తారీఖు వచ్చి చూస్తా అన్నాడు.

ఓనరు కుర్చీ లాక్కుని కూర్చుని తేల్చేశాడు. కొనేవాళ్ళు వేరే ఇల్లు చూసుకున్నారు. వీధంతా పగులు సంగతి పాకిపోయింది, ఇంకెవడూ కొనడు. కాబట్టి గాజు నిలిస్తే ఇంకో ఏడాది మీరే ఉండండి, బాకీ కొంచెంకొంచెంగా కట్టండి. విరిగితే రెండు రోజుల్లో ఖాళీ చెయ్యండి, కూలగొట్టి స్థలం అమ్ముకుంటా అన్నాడు. ఇంజనీరు అడ్డొచ్చాడు. కూలగొడితే వీళ్ళ అడ్వాన్సు పూర్తిగా వెనక్కివ్వాలి, అద్దె బాకీ కింద పట్టుకుంటే మా ఆఫీసు ఒప్పుకోదు అన్నాడు. ఓనరు మింగలేక మింగలేక సరే అన్నాడు.

ఆ అడ్వాన్సు మంచి రోజుల్లో కట్టింది. అది చేతికొస్తే ఫైనాన్స్ అప్పు మొత్తం తీరిపోతుంది. అంటే గాజు నిలిస్తే ఇల్లుంటుంది, అప్పుంటుంది. విరిగితే రెండూ పోతాయి.

విరగడానికి అది పగులైతే కదా! నేను వేసిన బొమ్మ. వాళ్ళు వెళ్ళాక పడీపడీ నవ్వాను. అమ్మా నవ్వింది. మా ఆవిడ నవ్వలేదు. గాజు వైపే చూస్తోంది.

జూన్ 10, మంగళవారం

ఎవరో ఒకరు దాన్ని విరగ్గొడతారు. నాకు తెలుసు.

జూన్ 11, బుధవారం

ఓనరు అమ్మకని పళ్ళు తెచ్చాడు. ఇన్నేళ్ళలో అమ్మకి ఒక అరటిపండు ఇచ్చిన పాపాన పోలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ గోడ వైపు జరుగుతున్నాడు. నేను కుర్చీ తీసుకెళ్ళి గాజుకీ ఆయనకీ మధ్య వేసుకుని కూర్చున్నాను. ఇల్లు అమ్మితే వచ్చేదానికన్నా స్థలం అమ్మితేనే ఎక్కువొస్తుందని ఈమధ్య ఎవడో ఆయన చెవిలో ఊదుంటాడు.

కరెంటు మీటరు చూసేవాడు కూడా అవసరం లేకుండా లోపలికి తొంగిచూశాడు. వీధి కిటికీ గడియకి ఎర్రరంగు పొడి పూసి ఉంచాను. ఎవడు చెయ్యి పెట్టినా దొరికిపోతాడు.

మొదట దొరికింది అమ్మ. రెండోది నేనే.

జూన్ 13, శుక్రవారం

విరిగింది.

సాయంత్రం పనినుంచి వచ్చేసరికి నడిమికి విరిగి ఉంది. రెండు కొసలూ గోడకే ఉన్నాయి, మధ్యముక్క లేదు. అమ్మని అడిగితే మధ్యాహ్నం కునుకుపట్టింది, ఎవరొచ్చారో తెలీదు అంది. ఓనరు ఇంటికెళ్ళి వాడి గేటు మీద నాకు తోచిన బొమ్మ వేసొద్దామనుకున్నాను. బ్రష్ కూడా తీశాను. తర్వాత బుద్ధొచ్చి ఆ బ్రష్‌తోనే అసలు పని చేశాను.

పని దగ్గర పడేసిన కిటికీ అద్దం ఉంది. కోశాను, పుట్టీతో అంటించాను, తేదీ వేశాను, సంతకం పెట్టాను. ఆ సంతకం ఇంజనీరుకన్నా నాకే బాగా కుదిరింది. ఇంకో మూడు ముక్కలు కోసి రంగుడబ్బాల వెనక దాచాను. మనుషుల్ని నమ్మడానికి లేదు.

జూన్ 14, శనివారం

ఒక సంగతి నిన్నటి నుంచి గుచ్చుతోంది. నేల.

గాజు విరిగితే పలుకులు రాలాలి. ఒక్కటీ లేదు. ఇందాక చెత్తబుట్టలో వెతికాను. న్యూస్‌పేపర్లో పొట్లం కట్టి, పైన దారం చుట్టి ఉన్నాయి. ఓనరు విరగ్గొడితే విరగ్గొట్టి పోతాడు. అమ్మ వట్టికాళ్ళతో తిరుగుతుందని గుర్తుపెట్టుకుని, తడిగుడ్డతో నేలంతా తుడిచి, పొట్లం కట్టి మరీ పోయే దొంగ నాకు తెలిసి ఒక్కతే ఉంది. ఆ దొంగ మధ్యాహ్నం అన్నం తినడానికి కంపెనీ నుంచి ఇంటికొస్తుంది.

అడగలేదు. అడిగితే నిజం చెప్పేస్తుంది. ఆవిడతో అదే చిక్కు.

జూన్ 17, మంగళవారం

మళ్ళీ విరిగింది. మళ్ళీ పెట్టాను.

రాత్రి మా ఆవిడ భోజనం వడ్డించింది. కూర చాలా అంది. చాలు అన్నాను. ఉప్పు సరిపోయిందా అంది. సరిపోయింది అన్నాను. ఆవిడ వీపుకి గోడ. గోడకి కొత్త గాజు. అమ్మ ఇద్దరి మధ్యా కూర్చుని, ఏంటర్రా ఇవాళ ఇంత మర్యాదగా ఉన్నారు, ఎవరైనా పోయారా అంది.

ఆవిడకి అడ్వాన్సు కావాలి. అర్థమవుతూనే ఉంది. ఇల్లు పోయినా ఫర్వాలేదా? అమ్మ? ఏడిపించడానికా? ఇంకెవరైనా ఎక్కించారా? వాళ్ళ అన్నయ్యతో ఈమధ్య ఫోన్లు ఎక్కువయ్యాయి. నేను రాగానే, సరే అన్నయ్యా ఉంటా అని పెట్టేస్తుంది.

జూన్ 19, గురువారం

మళ్ళీ. ఈసారి పొట్లం మీద దారం పువ్వులా ముడేసింది. నేను బుట్ట వెతుకుతున్నానని తెలుసన్నమాట.

జూన్ 21, శనివారం

రేపు సెలవు, నేను ఇంట్లోనే ఉంటాను. ఎల్లుండే ఇంజనీరు వచ్చేది. విరగ్గొడితే ఇవాళే విరగ్గొట్టాలి. చేతులతో సహా పట్టుకుందామని, పనికెళ్తున్నానని చెప్పి వెనక తలుపు నుంచి వచ్చి అటకెక్కాను. ఈ కాలుతో ఎలా ఎక్కానో నాకే తెలీదు. పాత పెట్టెల మధ్య పడుకుంటే ముందుగదీ, వంటింటి గుమ్మం రెండూ కనపడతాయి.

శనివారాలు మా ఆవిడకి కంపెనీ సెలవు, నేను మాత్రం ఇంట్లో ఉండను. ఫైనాన్స్ తమ్ముడు వసూలుకి వచ్చేది శనివారమే కాబట్టి. మా ఆవిణ్ణి అక్కా అక్కా అంటాడని వాడికి మేం పెట్టిన పేరు. వారం వారం ఏమన్నాడని అడుగుతాను. వచ్చాడు, పోయాడు అంటుంది. అంతే అనుకున్నాను.

వచ్చాడు. తలుపు తట్టలేదు. హెల్మెట్ తీసి మేం అన్నం తినే బల్ల మీద పెట్టాడు. ఫ్యాను పెంచాడు. టీవీ పెట్టుకుని కాళ్ళు చాపాడు. బావగారు ఈవారం కూడా లేరా అక్కా, పాపం ఎంత బిజీనో అన్నాడు. ఆవిడ నిలబడే ఉంది. కూర్చో అక్కా, నీ ఇల్లే అనుకో అన్నాడు. ఇచ్చింది లెక్కపెట్టి, ఏంటక్కా నన్ను అడుక్కునేవాణ్ణి చేశావు అన్నాడు. మంచినీళ్ళు తెస్తే గ్లాసు వాసనొస్తోందన్నాడు. ఆవిడ వెళ్ళి తోమి మళ్ళీ తెచ్చింది. అప్పుడు తాగలేదు. వంటింట్లోకి పోయి గిన్నె మీద మూత తీసి చూశాడు. తినడానికి లోటేం లేదుగా అన్నాడు. వాడి వయసు ఆవిడ వయసులో సగం ఉండదు.

అమ్మ మంచం మీద అటు తిరిగి పడుకుంది. నిద్రపోవట్లేదు. నాకు తెలుసు.

నేను దిగొచ్చు. దూకొచ్చు. అటక మీంచి ఫైనాన్స్ వాడి నెత్తిన పడితే నా జన్మకి అంతకన్నా పెద్ద జోకు ఉండదు. దిగలేదు.

వాడు పోయాక ఆవిడ హెల్మెట్ పెట్టిన చోట తుడిచింది. మళ్ళీ తుడిచింది. తుడిచిన గుడ్డ పారేసింది. తర్వాత వెళ్ళి గాజు ముందు నిలబడింది. కొట్టవే, కొట్టెయ్ అనుకున్నాను. కొట్టలేదు. కూరగాయలు ముందేసుకుని కూర్చుంది.

ఆవిడ బజారుకెళ్ళేదాకా ఆగి దిగాను. నోటినిండా దుమ్ము.

జూన్ 22, ఆదివారం

పక్కవీధిలో మూడో అంతస్తులో ఇల్లు ఖాళీగా ఉందని వాళ్ళ అన్నయ్య చెప్పాడట, చూసొద్దాం రమ్మంది మా ఆవిడ. కాలు నొప్పన్నాను. అమ్మని తీసుకుని వెళ్ళింది.

వాళ్ళు సందు తిరిగారో లేదో సుత్తికి గుడ్డ చుట్టి గాజు విరగ్గొట్టాను. ఒక్క దెబ్బే. పలుకులన్నీ ఏరాను. తడిగుడ్డతో తుడిచాను. పొట్లం కట్టాను. పువ్వుముడి నాకు రాలేదు, మామూలు ముడే వేశాను. రేపు అడ్వాన్సు వస్తుంది. ఆ ఫైనాన్స్ వాడి డబ్బు వాడి మొహాన కొట్టొచ్చు.

చీకటిపడే వేళకి వచ్చారు. మా ఆవిడ లైటు వేసి గోడ చూసింది. నన్ను చూసింది.

ఇల్లు ఎలా ఉందని అమ్మని అడిగాను. బాగానే ఉందిరా, గాలొస్తోంది అంది. మంచం అంచు తడుముకుని కూర్చుని చెప్పింది. గది మధ్యలో నిలబెట్టారురా, గోడ ఎటుందో తెలియలేదు. మీ ఆవిడ చెయ్యి పట్టుకుని ముట్టించింది. వదిలేసి రెండడుగులు వేశానో లేదో మళ్ళీ పోయింది. అలాగే నిలబడిపోయాను. ఏం ఫర్వాలేదులే, నేర్చుకుంటాను అంది. నవ్వుతూనే అంది.

ఇక పడుకోండి అత్తయ్యా అని మా ఆవిడ గట్టిగా అంది. ఆ గొంతు ఎప్పుడూ వినలేదు.

నాకిది పొద్దున తెలిసుంటే సుత్తి పట్టేవాణ్ణి కాదు. ఇప్పుడు కొత్త గాజు పెట్టొచ్చు, ఒక్క ముక్క మిగిలుంది. కానీ బల్ల మీద ఆ హెల్మెట్ కళ్ళముందే ఉంది. పడుకున్నాను.

జూన్ 23, సోమవారం, ఉదయం

గాజు ఉంది.

కళ్ళు నులుముకుని చూశాను. నిండుగా ఉంది. నేను పెట్టలేదు. తేదీ ఉంది, సంతకం ఉంది. అంకెలు లావుగా, బట్ట మీద కుట్టు చాక్‌తో గుర్తులు పెట్టినట్టు ఉన్నాయి. రంగుడబ్బాల వెనక చూశాను. మిగిలిన ఆ ఒక్క ముక్కా లేదు. పుట్టీ డబ్బా మూత మాత్రం ఎవరూ తియ్యలేదు. మరి దేంతో అంటించింది? ముక్కు దగ్గర పెట్టి చూశాను.

టూత్‌పేస్ట్.

పళ్ళు తోముకోవడానికి వెళ్తే ట్యూబు తోలుబొమ్మలా చప్పిడైపోయి ఉంది. వంటింట్లో మా ఆవిడ అటు తిరిగి టీ పెడుతోంది. ఇవాళ ఉప్పుతో తోముకో అంది.

అదే రోజు, సాయంత్రం

ఇంజనీరు ఎండ పడమటికి తిరిగాక వచ్చాడు. ఓనరు వెనకే నిలబడ్డాడు. ఇంజనీరు ఆ ముక్కుని గాజు దాకా తీసుకెళ్ళాడు. సంతకం చూశాడు. వాసన చూశాడు. మీరు ఏ పేస్ట్ వాడతారమ్మా అన్నాడు. అందరూ వాడేదే సార్ అంది మా ఆవిడ, కళ్ళార్పకుండా. ఆవిడలో ఇంత ఉందని తెలీక ఇన్నేళ్ళు కాపురం చేశాను.

గోడలో కదలిక లేదని కాగితం మీద రాసిచ్చాడు. ఓనరు అది చదివి, సరే, ఇంకో ఏడాది అన్నాడు. మొహం నేను వేసిన చెమ్మ మరకలాగే ఉంది.

ఇంజనీరుని గేటు దాకా సాగనంపాను. మొన్న పొద్దున వచ్చినప్పుడు ఆ పగులు నీడ ఎటుందో ఇవాళ సాయంత్రమూ అటే ఉందయ్యా, తొందరగా తుడిచెయ్ అన్నాడు. మొన్ననే తెలిసిందా సార్ అంటే, మంచి చెయ్యి అన్నానుగా అని స్కూటరెక్కాడు.

జూన్ 28, శనివారం

తలుపు నేనే తీశాను. ఫైనాన్స్ తమ్ముడు కంగారుపడ్డాడు, బావగారూ అన్నాడు, హెల్మెట్ బల్ల మీద పెట్టాడు. బల్లకి పొద్దున్నే ఎనామిల్ రంగు దట్టంగా వేసి ఉంచాను. మా ఆవిడ పక్కన నిలబడి వేయించింది, ఆ మూల ఇంకొంచెం ఉండాలి అని.

ఇకనుంచి ప్రతివారం కంతు నేనే మీ ఆఫీసుకి తెస్తాను, ఇంటికి రావద్దు అన్నాను. అలా కుదరదన్నాడు. లేచి హెల్మెట్ లాగాడు. రాలేదు. గట్టిగా లాగితే బల్ల కూడా లేచింది. అక్కా అన్నాడు. అక్క వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుంది. కుదురుతుందేమో ఆలోచించు తమ్ముడూ, నేను థిన్నరు వెతుకుతాను అని కూర్చున్నాను. చాలాసేపు వెతికాను, కూర్చున్న చోటు నుంచే. చివరికి కుదిరింది.

అప్పు అలాగే ఉంది. బల్ల మీద గుండ్రంగా హెల్మెట్ అచ్చు పడింది.

జూలై 4, శుక్రవారం

నిన్న పగులు మొత్తం తుడిచేశాను, ఆవిడ లేనప్పుడు. గాజు తీయబోతే అమ్మ వద్దంది. చేతికి గుర్తుగా ఉందట.

ఇవాళ చూస్తే దాని మీద తేదీ మారి ఉంది. వచ్చే జూన్ ఇరవై మూడు. నేను రాయలేదు. గోడ దగ్గర పేస్ట్ వాసన.

వెనక ఎవరో నిలబడి చూస్తున్నారు. తిరగలేదు.